పండుగ ఖర్చుల బాకీ: చిన్నది ముందా, పెద్ద వడ్డీది ముందా, అన్నీ కలిపి ఒకే లోన్ చేసుకోవడమా?

సెలవులు ముగిసి కార్డు బిల్లులు వచ్చే రోజుల్లో చాలామంది అడిగేది ఒకటే. చిన్న బాకీ ముందు వదిలించుకోవాలా, వడ్డీ ఎక్కువున్నది ముందు కట్టాలా, లేక ఒక పర్సనల్ లోన్ తీసుకుని అన్నీ ఒకేసారి తీర్చేయాలా? అడిగేవాళ్లందరి చూపూ వడ్డీ శాతం మీదే ఉంటుంది. నన్నడిగితే అంతకన్నా ముందు చూడాల్సింది గడువు. ఎన్ని నెలల్లో తీరుతుందో తేలితేనే ఏది మేలో తేలుతుంది.

మినిమమ్ డ్యూనే చూడండి. కార్డు మీద లక్ష బాకీ, నెలకు 3 శాతం వడ్డీ, కనీస చెల్లింపు బాకీలో 5 శాతం అనుకుందాం. మొదటి నెల వడ్డీతో కలిపి 1,03,000 అవుతుంది, కట్టాల్సింది 5,150. బాకీ తగ్గేకొద్దీ ఆ కనీస మొత్తమూ తగ్గుతూ పోతుంది, చిక్కంతా అక్కడే. బిల్లులో ఎంత చూపిస్తే అంతే కడుతూ పోతే 30 నెలల తర్వాత కూడా 52 వేల పైచిలుకు మిగిలే ఉంటుంది. అదే మొదటి నెల కట్టిన 5,150నే ప్రతి నెలా మార్చకుండా కడితే ఆ 30 నెలల్లోనే మొత్తం తీరిపోతుంది. కొత్తగా కార్డు గీకకూడదు, అంతే. పాత బాకీ ఉండగా కొత్తవి కొంటే చాలా కార్డుల్లో వడ్డీలేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది.

ఇక రెండు పద్ధతులు పక్కపక్కన పెడదాం. కార్డు బాకీ 60 వేలు, నెలకు 3 శాతం. ఇంకో అప్పు 20 వేలు, నెలకు 1.5 శాతం. కనీసంగా మొదటిదానికి 3,000, రెండోదానికి 1,000 కట్టాలి. మీ చేతిలో నెలకు 8,000 ఉంది. కనీసాలు పోగా మిగిలిన 4,000 దేనికి వేస్తారన్నదే తేడా. ఒకటి తీరాక దాని డబ్బు కూడా రెండోదానికే వెళ్తుంది.

పెద్ద వడ్డీదానికి వేస్తే మొత్తం వడ్డీ సుమారు 13,170. చిన్న బాకీకి వేస్తే 15,470. రెండు దారుల్లోనూ 12వ నెలలోనే తీరుతుంది. చిన్నది అయిదో నెలకే పోతుంది కాబట్టి గుండె మీద బరువు తగ్గినట్టుంటుంది, నిజమే, కానీ దానికి ఖరీదు 2,300. మధ్యలో ఆపేసే అలవాటున్నవాళ్లకు ఆ 2,300 దండగ కాదు. క్రమం తప్పనివాళ్లు మాత్రం పెద్ద వడ్డీదే ముందు తీర్చాలి.

మూడోది లోన్. అవే 80 వేలు నెలకు 1.5 శాతానికి 12 నెలల లోన్‌గా మారిస్తే వాయిదా 7,334, వడ్డీ సుమారు 8,013. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, అంటే 1,600 కలిపినా పై రెండింటికన్నా చవకే. అదే లోన్ 36 నెలలకు పెట్టుకుంటే వాయిదా 2,892కి దిగుతుంది, వడ్డీ మాత్రం 24 వేలు దాటుతుంది. కార్డు శాతం సగానికి తగ్గించుకుని కూడా పై రెండు దారులకన్నా ఎక్కువ వడ్డీ కట్టినట్టు! లోన్ ఇచ్చేవాళ్లు ముందుగా చూపించేది ఈ చిన్న వాయిదానే. అందుకే గడువు 12 నెలలు దాటేట్టయితే లోన్ వద్దంటాను. దాటకపోతే, తీర్చిన కార్డును మళ్లీ వాడకుండా ఉండగలిగితే, నా ఓటు దీనికే.

ఒక జాగ్రత్త. ‘ఫ్లాట్’ వడ్డీ 12 శాతం అంటే 12 శాతం అనుకోకండి. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మొదటి మొత్తం మీదే వేస్తారు. ఏడాది లోన్‌లో అది తగ్గే బాకీ లెక్కన దాదాపు 21.5 శాతం అవుతుంది.

బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అంటే ఒక కార్డు బాకీని కొన్నాళ్లు తక్కువ వడ్డీ ఇచ్చే ఇంకో కార్డుకు మార్చుకోవడం. ఆ ఆఫర్ గడువులోపే మొత్తం తీర్చగలిగితే సరే, లేకపోతే ఆ తర్వాతి వడ్డీ మామూలు కార్డు వడ్డీయే. రిటైర్మెంట్ పొదుపులో చెయ్యి పెట్టడం గురించి ఆలోచించకండి.

ఏ దారి ఎంచుకున్నా జీతం పడిన మర్నాటికే ఆటో డెబిట్ పెట్టండి, మొత్తం మీరే నిర్ణయించి. లోన్‌లోకి అదనంగా కట్టేముందు ముందస్తు చెల్లింపు రుసుము ఉందేమో అడగండి. కట్టేటప్పుడు ‘ఇది అసలులోకి వేయండి, వాయిదా తగ్గించకండి, గడువు తగ్గించండి’ అని రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ మాట చెప్పకపోతే కట్టిన డబ్బు అసలులోకి పోకుండా వచ్చే నెల వాయిదాకు జమ అయి కూర్చోవచ్చు.