కొండపల్లి బొమ్మలకి మామియా ఆర్‌బీ67, ఏడాది వాడాక

మామియా ఆర్‌బీ67 ప్రో ఎస్ అనే ఫిల్మ్ కెమెరా, 127 ఎంఎం లెన్స్‌తో సెకండ్ హ్యాండ్‌లో కొని ఏడాదైంది. వాడేది ఒక్కదానికే, డైనింగ్ టేబుల్ మీద కొండపల్లి బొమ్మల్ని ఫిల్మ్ మీద తీయడానికి. లెన్స్‌తో కలిపి రెండున్నర కిలోల పైమాటే, మెడలో వేసుకుని ఊరు తిరుగుదామనుకుంటే దీనికో దణ్ణం పెట్టేయండి, ట్రైపాడ్ ఎక్కించాక మాత్రం బరువుతో మనకేం పని.

ఇంతకుముందు మామూలు 35 ఎంఎం ఫిల్మ్ కెమెరాతోనే తీసేవాణ్ణి, దగ్గర్నుంచి తీయడానికి లెన్స్ వెనక ట్యూబులు తగిలించడం పీకడం, పెద్ద ప్రింట్ వేయిస్తే గ్రెయిన్, అంటే ఫిల్మ్ రవ్వ తప్ప ఏం కనపడేది కాదు. దీని నెగెటివ్ దానికి నాలుగున్నర రెట్లు ఉంటుంది, అంబారీ ఏనుగు మీద ఎర్రరంగు అంచున కుంచె వెంట్రుక గీసిన గీత కూడా స్కాన్‌లో దొరికింది! లెన్స్‌ని ముందుకి జరిపే మడతల తిత్తి, అదే బెల్లోస్, ఉంది కాబట్టి అదే లెన్స్‌తో 15 బై 19 సెంటీమీటర్ల జాగా వరకు ఫ్రేమ్ నింపొచ్చు, అరడుగు బొమ్మకి సరిగ్గా సరిపోతుంది. నిలువు కావాలంటే కెమెరా కదపక్కర్లా, వెనక ఫిల్మ్ బ్యాక్ తిప్పితే చాలు. పైనుంచి చూసే ఫైండర్‌లో కుడి ఎడమలు తారుమారు, బొమ్మని కుడికి జరిపితే అది ఎడమకి పోతుంది, వారం పాటు నాకు పిచ్చెక్కింది.

ఇక నా తిప్పలు. లోపల వెలుతురు కొలిచే మీటర్ లేదు, బెల్లోస్ పూర్తిగా సాగదీస్తే దాదాపు ఒక స్టాప్, అంటే సగం వెలుతురు తగ్గుతుంది, ఆ లెక్క పక్కన స్కేల్ మీదే రాసుంది, చూడకుండా మొదటి స్లైడ్ రోల్ పది ఫ్రేములూ కరెంటు పోయినప్పుడు తీసినట్టు చేసుకున్నా. అమ్మినాయన "కండిషన్ సూపరండీ" అన్నాడు గానీ బ్యాక్‌లో వెలుతురు చొరబడకుండా పెట్టే ఫోమ్ జిగురైపోయి మూడు ఫ్రేముల అంచున వెలుతురు చార పడింది. కొనేముందు బ్యాక్ తెరిచి ఆ ఫోమ్‌ని వేలితో నొక్కి చూడండి.

ఒక్కో బొమ్మనే తీసేవాళ్లకి ఇంతకంటే అక్కర్లేదు. వరసగా నిలబెట్టి అన్నీ షార్ప్‌గా తీయాలంటే మాత్రం లెన్స్ వంచగలిగే 4 బై 5 షీట్ ఫిల్మ్ కెమెరానే కరెక్టు, కానీ షాటుకో షీటు, అదీ చీకట్లో లోడ్ చేసుకోవాలి, నాకంత ఓపిక లేదు. అందుకే మొన్న దశావతారాల్ని ఏటవాలుగా పేర్చి దీంతోనే లాగించా, ముందున్న నాలుగైదు అవతారాలు షార్ప్, చివర కల్కి గుర్రం మాత్రం లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి ఎఫ్32 పెట్టినా మంచులోనే ఉండిపోయింది.