జాగ్రత్త: ‘సెక్యూర్ చేసేశాం’ అని అమ్మే రెడీమేడ్ డేటాబేస్ మెషిన్లు

క్లౌడ్‌లో మెషిన్ తీసుకునేటప్పుడు ‘మైఎస్‌క్యూఎల్ వేసి ఉంది, సెక్యూర్ కూడా చేసి ఉంది, లాగిన్ అయి వాడుకోవడమే’ అని ఊరించే ఇమేజ్‌లు (సాఫ్ట్‌వేర్ ముందే ఎక్కించి ఉంచిన డిస్క్ నకళ్లు) కనబడతాయి. మైఎస్‌క్యూఎల్ అంటే డేటాబేస్ నడిపే సాఫ్ట్‌వేర్. అలాంటి ఇమేజ్‌తో వచ్చిన మెషిన్‌ను విప్పి చూస్తే బయటపడ్డవి ఇవి. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఒకసారి తయారు చేసిన ఇమేజ్‌నే కొన్నవాళ్లందరికీ కాపీ తీసి ఇచ్చే చోట ఎక్కడైనా ఇదే జరగొచ్చు.

డబ్బు కట్టాక డేటా ఎక్కించడానికి తొందరపడకండి. ముందు బయటి నుంచి, అంటే మీ ఇంటి కంప్యూటర్ నుంచి, ఆ మెషిన్ పబ్లిక్ ఐపీకి మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌తో నోటికొచ్చిన యూజర్ పేరు పెట్టి కనెక్ట్ అవ్వడానికి ప్రయత్నించండి. ఎర్రర్ నంబరే సగం జాతకం చెప్పేస్తుంది. 2003 వస్తే, అంటే టైమవుట్ గానీ కనెక్షన్ రెఫ్యూజ్డ్ గానీ అయితే, పోర్ట్ 3306 (మైఎస్‌క్యూఎల్ వినే నెట్‌వర్క్ ద్వారం) బయటికి మూసే ఉంది. మనకు కావలసింది అదే. 1130 వస్తే, అంటే ‘ఈ హోస్ట్‌కు అనుమతి లేదు’ అంటే, చాలామంది హమ్మయ్య అనుకుంటారు. అనుకోకూడదు. ఆ జవాబు ఇచ్చింది డేటాబేస్ సర్వరే. అంటే పోర్ట్ తెరిచే ఉంది, లోపలి అకౌంట్ల పట్టిక మాత్రమే అడ్డం పడుతోంది. ఇక 1045, ‘యాక్సెస్ డినైడ్’ వస్తే పరిస్థితి ఇంకా చెడ్డది. మీ ఐపీకి సరిపోయే హోస్ట్‌తో ఏదో ఒక అకౌంట్ లోపల ఉన్నట్టే. చాలాసార్లు అది హోస్ట్ స్థానంలో శాతం గుర్తు పెట్టిన అకౌంట్, అంటే ప్రపంచంలో ఎక్కడి నుంచైనా రావచ్చు. పాస్‌వర్డ్ ఊహించడం ఒక్కటే వాళ్లకు మిగిలిన పని, ఆ పని చేసే స్కానర్లు రాత్రీపగలూ తిరుగుతూనే ఉంటాయి. దొరికిన డేటాబేస్‌లోని టేబుళ్లు తుడిచేసి, డబ్బు పంపమని ఒక కొత్త టేబుల్‌లో చీటీ రాసి పోతారు. డబ్బు పంపినా డేటా వస్తుందన్న నమ్మకం లేదు, అసలు కాపీ తీసుకున్నారన్న నమ్మకమూ లేదు.

33060 కూడా చూడండి. మైఎస్‌క్యూఎల్ 8లో ఎక్స్ ప్రోటోకాల్ కోసం తెరుచుకునే పోర్ట్ అది, దాని బైండ్ అడ్రస్ (ఏ నెట్‌వర్క్ అడ్రస్‌లో వినాలో చెప్పే సెట్టింగ్) విడిగా ఉంటుంది. 3306ను 127.0.0.1కి, అంటే ఆ మెషిన్ లోపలికి మాత్రమే, కట్టి దీన్ని మర్చిపోయిన ఇమేజ్‌లు ఉంటాయి. మెషిన్ లోపల ‘ఎస్‌ఎస్ -టీఎల్ఎన్‌పీ’ కొడితే ఏది ఏ అడ్రస్‌లో వింటోందో కనబడుతుంది. డేటాబేస్ పోర్ట్ పక్కన 0.0.0.0 గానీ, నక్షత్రం గుర్తు గానీ, జంట కోలన్లు (::) గానీ ఉంటే అన్ని నెట్‌వర్క్‌లకూ తలుపు తెరిచినట్టే.

అసలు ‘సెక్యూర్ చేసేశాం’ అంటే వాళ్ల లెక్కలో ఏమిటి? మైఎస్‌క్యూఎల్‌తో వచ్చే సెక్యూర్ ఇన్‌స్టలేషన్ స్క్రిప్ట్ ఒకసారి నడపడం, అంతే. ఆ స్క్రిప్ట్ పేరు లేని యూజర్లను తీసేస్తుంది, బయటి నుంచి రూట్ (అన్ని హక్కులున్న ప్రధాన యూజర్) లాగిన్ ఆపుతుంది, టెస్ట్ డేటాబేస్ తుడుస్తుంది. 5.7 నుంచి పేరు లేని యూజర్లూ, టెస్ట్ డేటాబేసూ మొదటే పుట్టడం లేదు కాబట్టి అది చేసేది ఇంకా తక్కువ. బైండ్ అడ్రస్ జోలికి పోదు, ఫైర్‌వాల్ జోలికి పోదు. రూట్ కాకుండా అడ్మిన్ అనో మేనేజర్ అనో శాతం గుర్తు హోస్ట్‌తో అకౌంట్ పెట్టి ఉంటే దాన్ని కన్నెత్తి కూడా చూడదు. ఈ మెషిన్‌లో దొరికిందీ సరిగ్గా అదే: అమ్మినవాళ్ల కంట్రోల్ ప్యానెల్ కోసమని పెట్టిన అకౌంట్, అన్ని హక్కులతో, ఇతరులకు హక్కులు ఇచ్చే గ్రాంట్ ఆప్షన్‌తో సహా. ‘సెలెక్ట్ యూజర్, హోస్ట్, ప్లగిన్ ఫ్రమ్ మైఎస్‌క్యూఎల్.యూజర్’ అని ఒక్క క్వెరీ వేస్తే మొత్తం జాబితా వస్తుంది. మైఎస్‌క్యూఎల్ అన్న పేరుతో మొదలయ్యే లోపలి అకౌంట్లు మూడు, లాక్ అయి ఉంటాయి, వాటిని కదపకండి. మిగతావాటిలో మీరు గుర్తుపట్టనిది ప్రతిదీ అనుమానితుడే.

కాపీ ఇమేజ్‌ల అసలు జబ్బు ఇంకా లోపల ఉంటుంది. డేటా డైరెక్టరీలో ఆటో.సీఎన్‌ఎఫ్ అనే చిన్న ఫైల్ ఉంటుంది, సర్వర్ యూయూఐడీ, అంటే ఆ సర్వర్‌కే ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్య, అందులోనే. ఆ ఫైల్ తేదీ మీరు మెషిన్ కొన్న రోజు కంటే పాతదైతే, డేటా డైరెక్టరీని నిండుగా ఉన్నదున్నట్టు కాపీ కొట్టి ఇచ్చారని అర్థం. అలాంటి రెండు మెషిన్లు కొని వాటి మధ్య రెప్లికేషన్ (ఒకదాని డేటా మరోదానికి ఎప్పటికప్పుడు నకలవడం) పెట్టబోతే ఒకే యూయూఐడీ ఉందని అది మొరాయిస్తుంది. అది చిన్న చిరాకు. పెద్ద ప్రమాదం పక్కనే ఉన్న పెమ్ ఫైళ్లలో (ఎన్‌క్రిప్షన్ కీలు, సర్టిఫికెట్లు ఉండేవి) ఉంది. మైఎస్‌క్యూఎల్ మొదటిసారి లేచినప్పుడు టీఎల్ఎస్ (కనెక్షన్ ఎన్‌క్రిప్షన్) కోసం, పాస్‌వర్డ్ మార్పిడి కోసం మొత్తం 8 పెమ్ ఫైళ్లు తనంతట తానే తయారు చేసుకుంటుంది. ఇమేజ్‌లో అవి ముందే ఉంటే, అదే ప్రైవేట్ కీ ఆ ఇమేజ్ కొన్న ప్రతివాడి దగ్గరా ఉంటుంది. కనెక్షన్ ఎన్‌క్రిప్ట్ అవుతోందని మీరు మురిసిపోవచ్చు, కానీ మధ్యలో కూర్చుని మీ సర్వర్ వేషం వేయడానికి కావలసిన తాళం వాళ్ల దగ్గరా ఉంది. సర్వీస్ ఆపి, ఆటో.సీఎన్‌ఎఫ్‌నూ ఆ 8 ఫైళ్లనూ వేరే చోటికి తరలించి మళ్లీ స్టార్ట్ చేస్తే కొత్తవి పుడతాయి.

ఉబుంటు, డెబియన్ ఇమేజ్‌లైతే మైఎస్‌క్యూఎల్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లో డెబియన్.సీఎన్‌ఎఫ్ చూడండి. మెయింటెనెన్స్ అకౌంట్ పాస్‌వర్డ్ అందులో పచ్చిగా రాసి ఉంటుంది, ఆ అకౌంట్‌కు రూట్‌తో సమానమైన హక్కులు. కాపీ ఇమేజ్‌లో ఆ పాస్‌వర్డ్ కూడా అందరికీ ఒకటే. లోకల్‌హోస్ట్, అంటే అదే మెషిన్ లోపలి నుంచి మాత్రమే పని చేస్తుంది కదా అని వదిలేయకండి. అదే మెషిన్‌లో ఒక వెబ్‌సైట్ ఉండి దానిలో చిన్న రంధ్రం ఉంటే చాలు, లోకల్‌హోస్ట్ వరకు వచ్చేసినట్టే. పాస్‌వర్డ్‌ను డేటాబేస్‌లోనూ ఫైల్‌లోనూ రెండు చోట్లా మార్చాలి, లేదంటే ప్యాకేజ్ అప్‌డేట్ పనులు తడబడతాయి. రూట్ యూజర్ ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషిన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) ఫోల్డర్‌లో ఆథరైజ్డ్ కీస్ ఫైల్ తెరిచి మీది కాని కీ ఉందేమో చూడటం ఇంకో నిమిషం పని. క్రాన్ జాబులు (వేళ ప్రకారం వాటంతటవే నడిచే పనులు) కూడా.

ఫైర్‌వాల్ గురించి ఒక్క మెలిక బాగా పట్టుకోండి. మెషిన్‌లో యూఎఫ్‌డబ్ల్యూ (ఉబుంటు ఫైర్‌వాల్ సాధనం) ఆన్ చేసి 3306 మూశామని చూపిస్తారు, స్టేటస్‌లో అలాగే కనబడుతుంది కూడా. కానీ డేటాబేస్ డాకర్ కంటైనర్‌లో (ప్రోగ్రామ్‌ను విడిగా పెట్టెలో పెట్టి నడిపే పద్ధతి) ఉంటే ఆ రూల్ దానికి తగలదు. పోర్ట్ పబ్లిష్ చేసినప్పుడు డాకర్ ఐపీటేబుల్స్‌లో (లినక్స్‌లో ప్యాకెట్లకు దారి చెప్పే నియమాలు) తన దారి తాను వేసుకుంటుంది, ప్యాకెట్ యూఎఫ్‌డబ్ల్యూ కాపలా ఉన్న ఇన్‌పుట్ గేటు వైపు రాకుండానే కంటైనర్‌లోకి వెళ్లిపోతుంది. పబ్లిష్ లైన్‌లో 3306:3306 బదులు 127.0.0.1:3306:3306 అని రాయాలి. క్లౌడ్ వైపు ఫైర్‌వాల్ అయిన సెక్యూరిటీ గ్రూప్‌లో 0.0.0.0/0 (ఎక్కడి నుంచైనా అనుమతి) తీసేసినా, ఐపీవీ6 కోసం విడిగా ఉన్న ::/0 మిగిలిపోయిందేమో చూడండి.

పోస్ట్‌గ్రెస్ (ఇంకో డేటాబేస్ సాఫ్ట్‌వేర్) ఇమేజ్ తీసుకున్నవాళ్లు, ఎవరు ఎక్కడి నుంచి ఎలా లాగిన్ అవ్వాలో చెప్పే పీజీ హెచ్‌బీఏ ఫైల్‌తో మొదలుపెట్టండి. అందులో పై నుంచి కిందికి చదివి, సరిపోయిన మొదటి లైనే తీర్పు చెబుతుంది. అక్కడ ఓడితే కింది లైన్‌కు పోదు. పైన ఎక్కడో 0.0.0.0/0కి ట్రస్ట్ అని ఒక లైన్ ఉంటే, కింద స్క్రామ్ (పాస్‌వర్డ్ అడిగి చూసే పద్ధతి) అని ఎంత చక్కగా రాసినా దండగే, పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి వస్తారు. అలా వచ్చింది సూపర్‌యూజర్ అయితే కాపీ కమాండ్‌లోని ప్రోగ్రామ్ అన్న సదుపాయంతో ఆపరేటింగ్ సిస్టమ్ కమాండ్లు కూడా నడపగలడు. డేటా ముట్టకుండా క్రిప్టో మైనర్ ఎక్కించి పోయేవాళ్ల దారి ఇదే. సీపీయూ 100 శాతం దగ్గర ఆగిపోయి, పోస్ట్‌గ్రెస్ యూజర్ పేరుతో తెలియని ప్రాసెస్ కనబడితే అనుమానించాల్సింది దీన్నే. హెచ్‌బీఏ మార్పుకు రీలోడ్ చాలు, లిజన్ అడ్రసెస్ మార్పుకు మాత్రం రీస్టార్ట్ కావాలి. పాత పాస్‌వర్డ్ పద్ధతి ఎండీ5 నుంచి స్క్రామ్‌కు మారితే పాత పాస్‌వర్డ్‌లను మళ్లీ సెట్ చేయాల్సిందే.

వెర్షన్ కూడా అడగండి. మైఎస్‌క్యూఎల్ 5.7కు సపోర్ట్ 2023 అక్టోబర్‌లోనే అయిపోయింది, అయినా ఇంకా అదే పెట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో పెద్ద వెర్షన్‌కు 5 ఏళ్లే.

నిజం చెప్పాలంటే ఇవన్నీ వెతికి బాగు చేసుకునేకంటే ఖాళీ ఉబుంటు మెషిన్ తీసుకుని ఉబుంటు ప్యాకేజ్ సాధనం ఏపీటీతో స్వయంగా వేసుకోవడం తేలిక. ఉబుంటు ప్యాకేజ్ మొదటి నుంచే 127.0.0.1కి కట్టి, రూట్‌ను సాకెట్ లాగిన్‌లో (పాస్‌వర్డ్ లేకుండా మెషిన్ రూట్ యూజర్‌కు మాత్రమే తెరుచుకునేది) పెట్టి ఇస్తుంది. దాన్ని అలాగే ఉండనివ్వండి, రూట్‌కు పాస్‌వర్డ్ పెట్టి అప్లికేషన్‌కు ఇచ్చే పాత ట్యుటోరియల్స్ మాట వినకండి. అప్లికేషన్‌కు విడిగా యూజర్, ఒకే డేటాబేస్ మీద సెలెక్ట్, ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్, అంతే. అప్లికేషన్ వేరే మెషిన్‌లో ఉంటే ప్రైవేట్ ఐపీ ఒక్కటే హోస్ట్‌గా రాసి, రిక్వైర్ ఎస్‌ఎస్‌ఎల్ చేర్చండి. మీ లాప్‌టాప్ నుంచి చూడాలంటే పోర్ట్ తెరవక్కర్లేదు, ‘ఎస్‌ఎస్‌హెచ్ -ఎల్ 3307:127.0.0.1:3306’ అని, చివర మీ యూజర్ పేరు, మెషిన్ ఐపీ చేర్చి టన్నెల్ (ఎస్‌ఎస్‌హెచ్ గుండా వెళ్లే దారి) వేసుకుని 3307కి కనెక్ట్ అవ్వండి.

ఇప్పటికే రెడీమేడ్ మెషిన్‌లో డేటా పెట్టుకున్నవాళ్లు కొత్త మెషిన్‌కు మారేటప్పుడు డిస్క్ స్నాప్‌షాట్‌తో మారకండి, రోగం కూడా వెంట వస్తుంది. డేటాను ఫైల్‌గా తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్‌లో సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ పెట్టి మీ డేటాబేస్ పేరు మాత్రమే ఇవ్వండి. ఆల్ డేటాబేసెస్ అని ఇస్తే యూజర్ల పట్టిక కూడా డంప్‌లోకి ఎక్కి, మీరు వదిలించుకోవాలనుకున్న ఆ శాతం గుర్తు అకౌంటే కొత్త మెషిన్‌లో మళ్లీ లేస్తుంది. యూజర్లను అక్కడ చేత్తో కొత్తగా సృష్టించండి. పాత మెషిన్ కాన్ఫిగ్ ఫైల్‌లో రాసి ఉన్న పాస్‌వర్డ్‌లు ఒక్కటీ మళ్లీ వాడకండి.