ఎడిన్‌బరా చలికాలంలో క్యాండిల్ తయారీ కిట్: నెలన్నర వాడాక నా రివ్యూ

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరా వచ్చాక ఇది మూడో చలికాలం. అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కదా, ఇక అక్కడి నుంచి మొదలు, డిసెంబర్ 21 చుట్టుపక్కలకి వచ్చేసరికి పొద్దున 8:40 దాటితే గానీ సూర్యుడు రాడు, 3:40కల్లా వెళ్లిపోతాడు. నాది ఇంట్లోంచే పని, లాప్‌టాప్ తెరిచేటప్పుడూ చీకటే, మూసేటప్పుడూ చీకటే. పోయినేడాది సాయంత్రం నాలుగు నుంచి పడుకునేదాకా ఫోన్ పట్టుకుని సోఫాలో ఉండిపోయేదాన్ని, ఏం చూశానో కూడా గుర్తుండేది కాదు. ఈసారి అలా వద్దనుకుని నవంబర్ మొదట్లో ఈ కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, 28 పౌండ్లు.

డబ్బాలో కిలో సోయా మైనం, ఆరు రేకు డబ్బాలు, అడుగున చిన్న బిళ్ల ఉన్న నూలు వత్తులు, వత్తి నిటారుగా నిలబెట్టే పుల్లలు, మూతి ఉన్న స్టీల్ జగ్గు, థర్మామీటర్, రెండు సువాసన నూనెలు (దాల్చినచెక్క-నారింజ, లావెండర్) వచ్చాయి. కొవ్వొత్తి అనే మాటలోనే కొవ్వు ఉంది, ఒకప్పుడు జంతువుల కొవ్వుతోనే చేసేవాళ్లు, ఇదేమో సోయా గింజల నూనెని గట్టిపరిచి చేసిన మైనం, అందుకే నేను పూజ దగ్గర కూడా పెట్టుకుంటున్నా.

మొదటిసారి ఒక శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టా. గిన్నెలో నీళ్లు మరిగించి అందులో జగ్గు పెట్టి మైనం కరిగిస్తున్నా, సరిగ్గా అప్పుడే అమ్మ రాజమండ్రి నుంచి వీడియో కాల్, కార్తీకమాసం కదా, తులసికోట దగ్గర దీపం పెట్టేసి వచ్చింది. "ఏంటే అది, నెయ్యి కాస్తున్నావా?" అంది. నిజంగా అలాగే ఉంటుంది! కరిగితే కాచిన నెయ్యిలా తేటగా, చల్లారేటప్పుడు డబ్బా అంచుల నుంచి నెమ్మదిగా తెల్లబడుతూ నడిమికి పేరుకుంటుంది. అలా పేరుకోవడం చూస్తూ ఎంతసేపు నిలబడిపోయానో నాకే తెలీలేదు.

నాకు ఈ కిట్‌లో బాగా నచ్చింది అదే, ఆ ఆగడం. 80 డిగ్రీలు దాటాక సువాసన నూనె కలపాలి, కిలో మైనానికి 80 గ్రాములు, రెండు నిమిషాలు మెల్లగా తిప్పాలి, తర్వాత 55 డిగ్రీలకి దిగేదాకా పోయకూడదు. మా వంటింట్లో దానికి అరగంట పైనే పడుతుంది. పొయ్యి దగ్గర వేడి మైనం పెట్టుకుని పక్క గదికి పోలేం, చేతికి జిడ్డు కాబట్టి ఫోన్ ముట్టుకోలేం, థర్మామీటర్ గీత ఒక్కొక్కటే దిగుతుంటే చూస్తూ ఉండాలి అంతే. పొద్దుటి నుంచి బుర్రలో తిరిగే ఆఫీసు గోల ఆ అరగంటలో తనంతట తనే సద్దుమణుగుతుంది. చిన్నప్పుడు అమ్మమ్మ అరుగు మీద కూర్చుని పత్తి వత్తులు చేసేటప్పుడు ఎందుకు ఎవరితోనూ మాట్లాడేది కాదో ఇప్పుడు తెలిసింది.

లోపాలు కూడా చెప్పాలి. కిట్‌తో వచ్చిన కాగితంలో నూనె కలిపిన వెంటనే పోసేయమని ఉంది, అలాగే చేస్తే మొదటి రెండిటికీ నడిమధ్యలో గుంట పడింది. వత్తులు ఆ డబ్బాకి మరీ సన్నం, మంట చుట్టూ కొంచెమే కరిగి సొరంగంలా కిందికి దిగిపోయింది, అంచున మైనం అలాగే మిగిలిపోయింది. అల్యూమినియం ఫాయిల్ అంచుల చుట్టూ గొడుగులా చుట్టి మధ్యలో కాస్త తెరిచి ఉంచితే వేడికి అంచులు కూడా కరిగి సర్దుకుంది. తర్వాత లావు వత్తులు విడిగా కొన్నా, ఆ ఖర్చు కలిపి లెక్కేసుకోండి. పోశాక రెండు వారాలు ఆగి వెలిగిస్తేనే వాసన బాగా వస్తుంది, మొదటిసారి పైన మైనం అంచు దాకా కరిగేంతవరకు ఆర్పకండి, ప్రతిసారీ వత్తి అర సెంటీమీటరుకి కత్తిరించుకోండి, లేకపోతే మసి. జగ్గులో మిగిలింది సింక్‌లో మాత్రం పోయొద్దు, గడ్డకట్టి పైపు మూసుకుపోతుంది, వెచ్చగా ఉన్నప్పుడే టిష్యూతో తుడిచేయండి.

ఆర్పేటప్పుడు నోటితో ఊదొద్దు. మనింట్లో దీపాన్ని ఊదనివ్వరు కదా, ఆరిపోయింది అని కూడా అననివ్వరు, కొండెక్కింది అనాలి. ఇక్కడ దానికి ఇంకో కారణం కూడా ఉంది, ఊదితే పొగ లేస్తుంది, స్కాట్లాండ్‌లో 2022 ఫిబ్రవరి నుంచి ఇళ్లల్లో పొగ అలారాలు ఒకదానితో ఒకటి కలిపి ఉండాలన్నది చట్టం, ఒకటి మోగితే అన్నీ మోగుతాయి. నేను చెంచా కాడతో వత్తిని కరిగిన మైనంలోకి వంచి ముంచి మళ్లీ నిలబెడతా, పొగే రాదు.

చీకటి రోజుల్లో దిగులు మరీ ఎక్కువైతే జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) దగ్గరికే వెళ్లండి, ఇది మందు కాదు. నాకైతే సాయంత్రాలు తిరిగొచ్చాయి. ఐదుకి నాలుగు స్టార్లు, ఒకటి వత్తుల కోసం తగ్గించా. ఇవాళ నాలుగింటికి దాల్చినచెక్కది వెలిగించి దాని పక్కనే కూర్చుని ఇది టైప్ చేస్తున్నా, అమ్మకి పంపడానికి లావెండర్‌వి రెండు పక్కన పెట్టా, జనవరిలో ఫ్రెండ్ ఊరెళ్తోంది, తనతో ఇచ్చి పంపుతా.