న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొంటే వినడం మేలా, చూడడం మేలా?

మా మేనకోడలు ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేస్తోంది. మొన్న ఉప్పల్‌లో మా డాబా మీద కూర్చున్నప్పుడు అడిగింది: "మావయ్యా, ప్రాజెక్టుకి గురుత్వ తరంగాల డేటా తీసుకోనా, టెలిస్కోప్ వైపు వెళ్లనా?" గురుత్వ తరంగాలంటే బరువైన వస్తువులు వేగంగా కదిలినప్పుడు స్థలకాలంలో పుట్టే అలలు, వాటిని పట్టడాన్నే వినడం అంటున్నా, టెలిస్కోప్‌తో వెలుగును పట్టడం చూడడం. వెంటనే జవాబు చెప్పలేకపోయాను, నాలుగు రోజులు ఆలోచించాక ఇది రాస్తున్నా.

2017 ఆగస్టు 17నే తీసుకుందాం. సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు (పెద్ద నక్షత్రాలు పేలాక మిగిలే, బాగా కుదించుకుపోయిన గుండెలు) ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి ఢీకొన్నాయి. అమెరికాలో హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్‌లలో ఉన్న, గురుత్వ తరంగాలను పట్టే రెండు లైగో డిటెక్టర్లలో ఆ సంకేతం దాదాపు 100 సెకన్లు వినిపించింది, అది ఆగిన 1.7 సెకన్లకే ఫెర్మి ఉపగ్రహం గామా కిరణాల మెరుపును పట్టింది. తరంగాలు చెప్పేవి ఏమిటంటే, ఆ నక్షత్రాల బరువెంత, ఎంత దూరంలో ఉన్నాయి, దగ్గరయ్యేకొద్దీ ఒకదాన్నొకటి ఎంత సాగదీశాయి. పగలా రాత్రా, మబ్బుందా లేదా అన్న బాధ లేదు, ఈ డిటెక్టర్లు దాదాపు మొత్తం ఆకాశాన్నీ ఒకేసారి వింటాయి.

కానీ ఎక్కడి నుంచి వచ్చింది అంటే మాత్రం తడబడతాయి. ఆ రోజు లైగో రెండూ కలిసి చూపించిన ఆకాశ ప్రాంతం 190 చదరపు డిగ్రీలు (ఆకాశంలో విస్తీర్ణానికి కొలత ఇది). ఇటలీలోని వర్గో అనే ఇలాంటి డిటెక్టర్ కూడా అప్పుడు పనిచేస్తోంది, అయినా దానికి సంకేతం సరిగా అందలేదు. అందకపోవడమే మేలైంది! అంత బలమైన సంకేతం వర్గోకి అందలేదంటే అది దానికి వినిపించని దిక్కు నుంచే వచ్చి ఉండాలి కదా, అలా లెక్కేస్తే ప్రాంతం సుమారు 30 చదరపు డిగ్రీలకు కుదించుకుపోయింది. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది ఇదే. దాని ఆధారంగా వెతికితే 11 గంటల్లోపే చిలీలోని స్వోప్ టెలిస్కోప్ ఎన్‌జీసీ 4993 అనే గెలాక్సీలో కొత్త వెలుగును కనిపెట్టింది. బంగారం, ప్లాటినం లాంటి బరువైన మూలకాలు ఇలాంటి ఢీకొట్టుళ్లలో పుడతాయని గట్టిగా చెప్పగలిగింది ఆ వెలుగును చూశాకే, తరంగాలు ఒక్కటే ఉంటే ఆ మాట అనలేం.

మరి టెలిస్కోప్ ఒక్కటే చాలా? దాన్ని ఎటు తిప్పాలో ఎవరో ఒకరు చెప్పాలి. పైగా చీకటి ఆకాశం కావాలి. ఉస్మానియా వాళ్లు 48 అంగుళాల టెలిస్కోప్‌ని ఊరికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో పెట్టింది అందుకే. మా డాబా మీద నుంచైతే కనపడే నక్షత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పల్సర్ల (తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో మెరుపులు పంపే న్యూట్రాన్ నక్షత్రాల) దారి ఇంకొకటుంది. 1974లో శాస్త్రవేత్తలు హల్స్, టేలర్ కనిపెట్టిన పల్సర్, దాని తోడు న్యూట్రాన్ నక్షత్రం ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి పట్టే కాలం ఏడాదికి 76 మైక్రోసెకన్లు తగ్గుతోంది, అంటే అవి దగ్గరవుతున్నాయి. అద్భుతమైన సాక్ష్యమే, కానీ అవి కలవడానికి ఇంకా 30 కోట్ల ఏళ్లు పడుతుంది.

ఇక 2019 ఏప్రిల్ 25. మళ్లీ ఇంకో న్యూట్రాన్ జంట, ఈసారి సుమారు 50 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో. ఆ సమయానికి లైగో హాన్‌ఫర్డ్ ఆగి ఉంది, లివింగ్‌స్టన్ ఒక్కటే గట్టిగా విన్నది. వెతకాల్సిన ప్రాంతం 8,000 చదరపు డిగ్రీలు దాటింది, అంటే ఆకాశంలో దాదాపు ఐదో వంతు. ఎన్ని టెలిస్కోప్‌లు వెతికినా ఖాయంగా ఇదీ అనదగ్గ వెలుగు దొరకలేదు. అందుకే నా ఓటు వినడానికే, అదీ చెవులు ఎక్కువ ఉండాలి, భూమ్మీద దూరదూరంగా ఉండాలి. మన రైలు నాందేడ్ దాటాక వచ్చే హింగోలి జిల్లాలో లైగో-ఇండియాకి 2023లో కేంద్ర క్యాబినెట్ 2,600 కోట్లు మంజూరు చేసిందంటే నాకు అంత సంతోషం అందుకే.

మా పిల్లకి కూడా తరంగాలే తీసుకోమన్నా. లైగో డేటా ఉచితం, ఎవరైనా దించుకోవచ్చు, ల్యాప్‌టాప్ చాలు. టెలిస్కోప్ టైమ్ కావాలంటే దరఖాస్తు పెట్టి ఎదురుచూడాలి, ఆ రాత్రి మబ్బు పడితే అంతే. నిన్న రాత్రి 2017 ఆగస్టు ఫైలు తెరిచి చూపించింది: తెర మీద సంకేతం పౌనఃపున్యాన్ని చూపే సన్నటి గీత ఒకటి నెమ్మదిగా పైకి లేస్తూ చివర్లో నిట్టనిలువుగా ఎగబాకింది. లివింగ్‌స్టన్ డేటాలో మాత్రం, ఢీకొనడానికి ఒక్క సెకను ముందు, ఆ గీతని అడ్డంగా కోస్తూ పరికరం చేసిన రొద ఉంది. దాన్ని తీసేసి గీతను ఎలా కాపాడాలా అని ఇప్పుడు కూర్చుంది.