వంటకానికో వైనా, విందంతా ఒకటేనా?

మారతహళ్ళిలో మా ఇంట్లో శనివారం రాత్రుళ్ళు ఆరుగురు స్నేహితులం భోజనానికి కూర్చుంటాం. మొదట్లో ఒక్కో వంటకానికి ఒక్కో సీసా తెచ్చేవాణ్ణి: పునుగులకి బుడగలొచ్చే స్పార్క్లింగ్ వైన్, చేపల వేపుడుకి సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్, గోంగూర మాంసానికి షిరాజ్ అనే ఎర్ర వైన్.

పునుగులు, స్పార్క్లింగ్ నిజంగా మంచి జోడీ. బుడగలూ పులుపూ కలిసి నాలుక మీది నూనె జిడ్డును కడిగేస్తాయి. తేడా కొట్టింది షిరాజ్ దగ్గర. అందులోని టానిన్ల (ద్రాక్ష తొక్కల నుంచి వచ్చే పదార్థాల) వగరు, ఆల్కహాల్ ఘాటు కలిసి గుంటూరు కారాన్ని మరింత మండించాయి. పైగా గోంగూర పులుపు ముందు వైన్ చప్పబడిపోయింది. పుల్లటి కూరకి దానికి దీటైన పులుపున్న వైనే నిలబడుతుంది.

ఇప్పుడు ఒకటే తెస్తున్నాను: కాస్త తీపి మిగిలిన షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్. ఆ తీపి కారాన్ని చల్లార్చుతుంది, పులుపు గోంగూరకి సరిజోడు. నాసిక్ తోటలవి బెంగళూరులో సులువుగా దొరుకుతాయి. 10 డిగ్రీల దాకా చల్లబరిచి, గ్లాసుకి బయట చెమట పడుతుండగా పోస్తాను. 750 మి.లీ. సీసా 150 మి.లీ. చొప్పున 5 గ్లాసులే, అందుకే రెండు సీసాలు.

బొబ్బట్ల దగ్గర మాత్రం ఇది ఓడిపోతుంది. మిఠాయి కన్నా వైన్ తియ్యగా లేకపోతే పుల్లగా తోస్తుంది. అప్పుడు లేట్ హార్వెస్ట్ (బాగా పండనిచ్చి కోసిన ద్రాక్షతో చేసే తియ్యటి వైన్) చిన్న సీసా తీస్తాను.