కిరాణా కొట్టా, సూపర్‌మార్కెట్టా, సంతా? అమ్మకాల్లో ఎవరి వాటా ఎంత, మన ఇంటికి ఏది మేలు

మొన్న పండక్కి వచ్చిన మా బావమరిది శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దాటుతూ, "బావా, ఇంకా ఆ వీధి కొట్టుకే పోతున్నావా, అక్కడ అన్నీ ఎమ్మార్పీయే కదా, చిన్న కొట్ల పని అయిపోయింది" అన్నాడు. చాలామంది అనుకునేదీ ఇదే. పెద్ద బోర్డులు, ఏసీ, ట్రాలీలు కళ్లకి కనిపిస్తాయి కాబట్టి దేశంలో అమ్మకాలన్నీ అక్కడే జరుగుతున్నాయనిపిస్తుంది.

కానీ లెక్క చూడండి. 2024 మార్చి నాటికి డీమార్ట్‌కి దేశం మొత్తం మీద 365 స్టోర్లు, ఆ ఏడాది అమ్మకాలు దాదాపు 50 వేల కోట్లు. అంటే ఒక్కో స్టోర్‌లో రోజుకి సుమారు 37 లక్షల సరుకు కదులుతోంది. మా వీధి కొట్టులో రోజుకి పన్నెండు వేలు అమ్మితే షావుకారు బాగా జరిగిందంటాడు. అలాంటి కొట్లు ఓ మూడొందలు కలిస్తే ఒక డీమార్ట్! అయినా సరే, కిరాణా సామాన్ల అమ్మకాల్లో ఎనభై శాతానికి పైనే ఈ చిన్న కొట్లదే, ఎందుకంటే అవి దేశంలో కోటీ ఇరవై లక్షల పైచిలుకు ఉన్నాయి. రిలయన్స్ రిటైల్ అదే ఏడాది 3 లక్షల కోట్లు దాటింది గానీ అందులో బట్టలు, ఫోన్లు, టీవీలు కూడా కలిసున్నాయి. అమెరికాలో ఏ రకం షాపులో ఎంత అమ్ముడైందో సెన్సస్ బ్యూరో నెలనెలా చెబుతుంది, అక్కడ కూడా 2024లో ఆన్‌లైన్ వాటా 16 శాతం దగ్గరే ఉంది, మిగతాదంతా చాలావరకు జనం షాపుకి వెళ్లి కొన్నదే.

సరే, ధర సంగతి. ఇక్కడ సూపర్‌మార్కెట్టే గెలుస్తుంది, దాన్ని కాదనక్కర్లేదు. మన షావుకారు సబ్బులు, బిస్కెట్లు డిస్ట్రిబ్యూటర్ దగ్గర తీసుకుంటాడు, మధ్యలో ఒకరి మార్జిన్ పోయాక తనకి మిగిలేది నూటికి ఎనిమిదో పదో, అందులోంచి ఎంత తగ్గిస్తాడు పాపం. పెద్ద చైన్లు నేరుగా కంపెనీతో బేరం ఆడతాయి. డీమార్ట్ అయితే సరుకు ఇచ్చినవాళ్లకి డబ్బు తొందరగా కట్టేసి ఆ మేరకి రేటు తగ్గించుకుంటుంది, ఎక్కువ స్టోర్లు సొంత స్థలాల్లోనే కాబట్టి అద్దె భారమూ తక్కువ. బట్టల సబ్బు, నూనె డబ్బా, టూత్‌పేస్ట్ నెలకోసారి అక్కడ కొంటే డబ్బు మిగులుతుంది. బిల్లు మాత్రం అక్కడే నిలబడి చూసుకోండి. ఒకసారి ఓ సూపర్‌మార్కెట్‌లో అర మీద ఒక ధర, బిల్లులో ఇంకో ధర పడితే ఇంటికొచ్చాక చూసుకున్నాను, ఆటో ఖర్చు పెట్టుకుని మళ్లీ వెళ్లలేక ఊరుకున్నాను.

ధర ఒక్కటే చూస్తే మాత్రం తప్పుతాం. మా పిన్ని వాళ్లది ఉద్దానం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చి కొబ్బరి, జీడి తోటలన్నీ పడుకోబెట్టేసింది, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు, ఏటీఎంలు లేవు. ఊళ్లో తెరిచి ఉన్నది ఒకే కొట్టు. షావుకారు గల్లా మీద కొవ్వొత్తి పెట్టుకుని, అట్ట ఊడిపోయిన పొడుగు పుస్తకంలో పేరు, పక్కన బియ్యం, పప్పు, అగ్గిపెట్టెలు అని రాసుకుంటూ ఇచ్చాడు. తోట పోయినవాడు ఎప్పటికి తీరుస్తాడో ఆయనకి తెలియదు, అయినా ఇచ్చాడు. పిన్ని ఆ బాకీ తీర్చేసరికి సంక్రాంతి దాటింది. అన్నాళ్లూ ఒక్క రూపాయి వడ్డీ వేయలేదు.

తీరం ఊళ్లలో ఇది ఏటా ఉండేదే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు. ఆ రెండు నెలలూ మత్స్యకారుల ఇళ్లల్లో పొయ్యి వెలిగేది చాలావరకు ఖాతా మీదే. "షావుకారూ, రాసుకో" అంటే పావుకిలో కందిపప్పు, ఐదు రూపాయల ఆవాలు, రెండు షాంపూ పాకెట్లు చేతిలో పడతాయి. చెన్నైకో హైదరాబాద్‌కో వలస వెళ్లిన కొడుకు డబ్బు పంపేదాకా ముసలివాళ్లకి ఆధారం ఆ పుస్తకమే. ఈ చిన్న చిన్న కొనుగోళ్లన్నీ కూడితేనే దేశం అమ్మకాల్లో అంత పెద్ద వాటా అయింది. కిలో పాకెట్ కొంటే చవకే, నిజమే, కానీ కిలోకి డబ్బు ఒకేసారి ఉండాలి కదా!

సంత గురించి రెండు మాటలే. కూరగాయలకి దాన్ని మించింది లేదు. విజయనగరం వైపు రామభద్రపురంలో పొద్దున్నే చూడండి, మంచు తడి ఆరని వంకాయలు, బీరకాయలు రైతే తెచ్చి అమ్ముతాడు. ఫ్రిజ్‌లో రెండు రోజులుండి మనదాకా వచ్చే కాయకి ఆ రుచి ఉండదు.

పది నిమిషాల డెలివరీ విశాఖ దాకా వచ్చింది. జనం దగ్గరదగ్గరగా, ఆర్డర్లు వరసగా ఉన్నచోటే దానికి గిట్టుబాటు, మన పల్లెలకి అది ఇప్పట్లో ఆసరా కాదు. ఫోను, మిక్సీ, పిల్లల పుస్తకాల్లాంటివి ఆన్‌లైన్‌లో పోల్చి చూసుకుని కొంటే మంచిదే.

నన్నడిగితే, నెల జీతం వచ్చే ఇంటికి సగం సరుకు సూపర్‌మార్కెట్‌లో కొనడం మేలు. కూలి డబ్బుతో, వేటతో, పంటతో బతికే ఇంటికి కిరాణా కొట్టే మేలు, అందులో నాకు అనుమానమే లేదు. ఒక సూపర్‌మార్కెట్ పెడితే కొన్ని ఉద్యోగాలు వస్తాయి, కానీ మూడొందల కొట్లంటే మూడొందల కుటుంబాలు.

మా ఇంట్లో ఒకటో తారీఖున సబ్బులు, నూనె పెద్ద షాపు నుంచి, కూరగాయలు సంత నుంచి, మిగతావన్నీ వీధి కొట్టు నుంచి వస్తాయి. అమ్మ ఒక్కతే ఉండే ఊళ్లో మాత్రం ఖాతా నడుస్తూనే ఉంటుంది, ఆ బాకీ ప్రతి నెలా ఐదో తారీఖులోపు షావుకారు గారికి ఫోన్‌పేలో పంపేస్తాను.