అమ్మ ఊరి నీళ్ల మీద రెండు రోజులు

మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లను వెంటబెట్టుకుని, శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగి తేలే గుడి ఉన్న సంగమేశ్వరం వెళ్లేవాళ్లు, దారిలో ఉన్న ఆత్మకూరులో రూము ఫోన్‌లో మాట్లాడుకుని నిశ్చింతగా బయల్దేరొద్దు. మనిషి ముందుగా వెళ్లి, రూము కళ్లతో చూసి, తాళంచెవి చేతికొచ్చాకే డబ్బులివ్వండి. మేం అట్లా చేయలేదు. ఆ రాత్రి మా అమ్మ పడిన బాధ గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అమ్మకు డెబ్బై రెండేళ్లు. శ్రీశైలం ప్రాజెక్టు వెనక నీళ్లలో మునిగిన పల్లెల్లో ఆమె పుట్టిన ఊరొకటి. 1981 ఎండాకాలంలో ఊరు ఖాళీ చేస్తున్నారని కబురొస్తే, చంటిదాన్నైన నన్ను చంకనేసుకుని పుట్టింటికి పోయింది. మిద్దె మీద పరిచిన చౌడు మట్టి తోడేసి, దూలాలు, వాకిళ్లు విప్పి బండ్లకెత్తుతుంటే చూసి వచ్చింది. అంతే, మళ్లీ అటు పోలేదు. మొన్న మార్చిలో పేపరు చదివించుకుని, "నీళ్లు బాగా తగ్గినాయంట. ఒక్కసారి సూసొద్దాం పా" అంది. డ్యామ్ పూర్తి మట్టం 885 అడుగులు. సుమారు 840 కిందికి దిగితే గానీ సంగమేశ్వరుడి గుడి బయటపడదు. ఆ వారం 830 దరిదాపుల్లో ఉందని తెలిశాక బయల్దేరాం. అమ్మ, నేను, మా ఆయన, ఇంటర్ చదివే మా అమ్మాయి.

అనంతపురం నుంచి కర్నూలు దాకా చెప్పుకోవాల్సిందేమీ లేదు. కర్నూలులో కారు మాట్లాడుకున్నాం. రెండు రోజులకు డీజిలుతో కలిపి 7,000, డ్రైవరు బత్తా 600. బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిన్నాం, ప్లేటు 40. పచ్చిమిరపకాయ బజ్జీని ఉగ్గానిలో నలుపుకుని తినడం మా అమ్మాయికి కొత్త. రెండో ప్లేటు అడిగింది.

ఊరి బయట జగన్నాథ గట్టు మీద రూపాల సంగమేశ్వరుడి గుడి చూసి తీరాలి. ఇదీ మునిగిపోవాల్సిన గుడే. రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. కూడవెల్లి సంగమేశ్వరుణ్ని అలంపురానికి మార్చిందీ ఇట్లాగే. అమ్మ ప్రదక్షిణ చేసి, గోడ మీద చేయి పెట్టి చాలాసేపు నిలబడింది. "గుడికి మల్లా అదే గుడి దొరికింది. మా అమ్మకు దొరకల్య" అంది. మా అవ్వ కొత్త ఊళ్లో కట్టుకున్న ఇంట్లో రెండేళ్లు కూడా బతకలేదు. ముంపు కుటుంబాలకు ఇంటికొక ఉద్యోగమని 1986లో 98 జీవో వస్తే, మా చిన్నమామ దాని నకలు ట్రంకు పెట్టెలో దాచుకుని ఎదురుచూశాడు. చూస్తూండగానే వయసు దాటిపోయింది.

నందికొట్కూరు మీదుగా సాయంత్రం ఏడుకు ఆత్మకూరు చేరాం. కింది అంతస్తులోనే రూము కావాలని మూడు రోజుల ముందు చెప్పి, ఫోన్‌లోనే 700 పంపాను. కౌంటర్ దగ్గరున్న అబ్బాయి తల కూడా ఎత్తకుండా "కింద రూములు పెళ్లివాళ్లకిచ్చేసినాం మేడం, పైన రెండో అంతస్తులో ఉంది" అన్నాడు. లిఫ్టు లేదు. పంపిన డబ్బులు తిరిగిమ్మంటే ఓనరు లేడన్నాడు. ఓనరు ఫోన్ ఎత్తలేదు. వేరేచోట చూద్దామంటే ఆ వారం పెళ్లిళ్లు, అన్నీ నిండిపోయాయి. అమ్మ ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టుకుంటూ ముప్పై నాలుగు మెట్లు ఎక్కింది. మధ్యలో కూర్చుంటే పెళ్లివాళ్ల పిల్లలు పక్కనుంచి దూకుతూ పోయారు.

రూము 1,400. నాలుగో మనిషికి పరుపన్నారు. 350 తీసుకుని చాపా దుప్పటీ ఇచ్చారు. వేడినీళ్లు ఉదయం ఆరింటికి వస్తాయన్నారు, ఎనిమిదైనా రాలేదు. వీటన్నిటికీ సర్దుకుపోగలను. మెట్లెక్కలేని మనిషి ఉందని ముందే చెప్పి డబ్బు కట్టినా, ఆమెను కళ్లెదుట చూసి కూడా వాళ్లకు ఏమీ అనిపించకపోవడం, అదే నాకు మింగుడు పడటం లేదు. మా ఆయన రాత్రంతా "నేను ముందే చెప్పినా, కర్నూలులోనే ఉండిపోదామని" అంటూనే ఉన్నారు. ఆయన మాటే నిజం. కర్నూలులో మంచి రూములున్నాయి. తెల్లవారుజామున బయల్దేరితే ఎండ ముదరకముందే సంగమేశ్వరం చేరొచ్చు. మీరు అట్లాగే చేయండి.

పొద్దున కొత్తపల్లి మీదుగా సంగమేశ్వరం గట్టుకు చేరాం. పార్కింగ్ 50. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి ఇక్కడ కలుస్తాయని పెద్దలు చెబుతారు. ఒక్క భవనాశినే మగనది అంటారు. గుడిలో లింగం వేపమానుది. ఏటా నెలల తరబడి నీళ్లలో ఉంటున్నా అట్లాగే నిలిచిన ఆ మానును చూస్తే చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. అయితే గట్టు నుంచి గుడికి దిగే దారి పెద్దవాళ్లకు కష్టం. నీడ లేదు, కూర్చోవడానికి బండ లేదు. నీళ్ల సీసాలు, గొడుగు పైనుంచే తెచ్చుకోండి. అమ్మను నేనొక పక్క, మా అమ్మాయి ఒక పక్క పట్టుకుని దింపాం. గుడి చుట్టూ ఫోటోలు దిగేవాళ్లు కిక్కిరిసి ఉన్నారు.

అమ్మకు చూడాల్సింది ఊరు. దానికి పడవే దిక్కు. ఇంజను పడవాయన పోనూ రానూ 1,500 అన్నాడు. సగం దూరం పోయాక ఇంజను ఆపి, అటువైపు నీళ్లలో చెట్ల మొద్దులున్నాయని, డీజిలు ఎక్కువవుతుందని, 2,500 ఇస్తేనే పోతానన్నాడు. నడినీళ్లలో ఏం బేరం చేస్తాం? మా ఆయన మొహం కందిపోయింది. అమ్మ మాత్రం ఆయన చేయి నొక్కి, "ఇచ్చేయ్ నాయనా, నేను మళ్లా రాబోను" అంది. ఇచ్చాం. మీరు ఎక్కకముందే ఎక్కడిదాకా, ఎంతసేపు, మొత్తం ఎంత అని నలుగురి ముందు తేల్చుకోండి. సగం డబ్బు మీరు ఒడ్డుకు తిరిగొచ్చాకే ఇవ్వండి.

పడవ ఆగిన చోట ఊరు లేదు. నెర్రెలు విచ్చిన ఒండ్రు, ఎండిన గవ్వలు, కొంత మేర ఎవరో వేసిన మొక్కజొన్న. నీళ్లు దిగిన భూమిలో పంట వేసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అమ్మ చేయి అడ్డం పెట్టుకుని నాలుగు దిక్కులూ చూసింది. గుర్తుపట్టడానికి ఒక్క చెట్టు లేదు, ఒక్క గోడ లేదు. "యాడుండాదో తెల్యడం లేదమ్మే" అని నా వైపు తిరిగింది. నలభై ఏళ్లకు పైగా మనసులో పెట్టుకున్న ఊరి ముందు నిలబడి ఆమె దారి తప్పిపోయింది. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

ఒడ్డున నాలుగు టార్పాలిన్ గుడిసెలున్నాయి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన జాలర్లు. ఈ నీళ్లలో చేపలు పట్టి బతకడానికి అటునుంచి వచ్చి ఉండిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. వల బాగుచేసుకుంటున్న ఒకామె "ఏటమ్మా, ఎండలో అలా నిలబడిపోనారు? నీడకి రండి" అని పిలిచింది. అమ్మ సంగతి చెప్పాను. ఆమె వల కింద పెట్టి లేచింది.

"ఊరా? ఊరెక్కడుందో మా వలలకి తెల్సు" అంది. నీళ్లు నిండినప్పుడు ఏ చోట వల వేస్తే గోడకు తగిలి చిరుగుతుందో, ఏ చోట రాతి కుప్పల సందుల్లో చేపలు చేరతాయో వాళ్లకు కంఠతా వచ్చు. పదేళ్లుంటాయేమో వాళ్ల గుంటడికి, అమ్మ చేయి పట్టుకుని నడిపించాడు. ఇది "గోడల కాడ", ఇది "బండల కాడ" అంటూ ఒండ్రులోంచి ఇంత మేర పైకి తేలిన రాళ్ల వరసలు చూపించాడు. రెండో వరస దగ్గర అమ్మ ఆగిపోయింది. "ఇది రచ్చకట్ట" అంది. ఆ తర్వాత వాడు నడిపించలేదు, అమ్మే నడిచింది. ఈ పక్క కుమ్మరోళ్ల వీధి, ఆ మూల పీర్ల చావిడి, అద్దో అక్కడ మా ఇల్లు, గవాక్షిలోంచి పడే వెలుతురును బట్టి పొద్దు ఎంతైందో చెప్పేదాన్ని అంటూ. ఎండాకాలం ఇసకలో చెలమ తీసి, చిప్పతో నీళ్లు తోడుకున్న రేవు చూపించింది. ఏరు దాటించే పుట్టి నడిపేవాళ్లకు ఏడాదికోసారి కళ్లంలోనే జొన్నలు కొలిచిచ్చేవాళ్లట, దాటిన ప్రతిసారీ డబ్బులు లెక్కపెట్టే పనే లేదట. ముప్పై నాలుగు మెట్లు ఎక్కలేని మోకాళ్లు ఆ గంటా ఎట్లా నడిచాయో నాకు తెలీదు.

మధ్యాహ్నం వాళ్ల గుడిసెలోనే అన్నం. బొచ్చె పులుసు, పొద్దున పట్టిన చేప. చింతపండు మా వైపు కంటే తక్కువ, వెల్లుల్లి ఎక్కువ. రాత్రి నుంచీ ముభావంగా ఉన్న మా ఆయన మూడుసార్లు వడ్డించుకున్నారు. ఈ ప్రయాణంలో ఇంత రుచైన భోజనం ఇంకోచోట తినలేదు. నలుగురికి ఎంతివ్వాలంటే వద్దంది. బలవంతం చేస్తే 200 తీసుకుని, ఎండుచేపలు ఒక పొట్లం కట్టి ఇచ్చింది. తన సొంతూరు సముద్రం ఒడ్డునట, పెళ్లయి వచ్చాక నాలుగుసార్లే పోయిందట. ఆ మాట విని అమ్మ ఆమె భుజం మీద చేయి వేసి అట్లాగే ఉంచేసింది.

పడవాయన తొందర పెడుతుంటే లేచాం. నీళ్లంచున కొన్ని మొద్దులు తేలి ఉన్నాయి. గుంటడు వాటిని చూపించి, "ఇది మొద్దుల కాడ. ఇక్కడ వలెయ్యకూడదు" అన్నాడు.

"మొద్దులు కాదు నాయనా. ఇది మామిళ్ల బావి" అంది అమ్మ.

"మావిళ్ల బావి" అన్నాడు వాడు.

"మామిళ్ల."

"మామిళ్ల బావి" అని గట్టిగా అని, గుడిసెల వైపు పరుగెత్తుతూ వాళ్లమ్మకు కేకేసి చెప్పాడు.